మహారాజశ్రీ దినపత్రిక గారికి కొట్టువాడు వ్రాయునది

మహారాజశ్రీ దినపత్రిక గారి దివ్యసముఖమునకు, బందరు కోనేరు సెంటరు దగ్గర కిరాణా కొట్టు నడుపుకుంటున్న మీ పాత సేవకుడు వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా నాన్న నేర్పిన పద్ధతి. ఉన్న మాట చెప్పాలంటే నేను కులాసాగా లేను, మీరు మరీ లేరు. మీ ఆరోగ్యం గురించి వేరే అడగక్కర్లేదు, తెల్లవారుజామున వ్యాన్లోంచి కట్ట విసిరినప్పుడు వచ్చే చప్పుడే చెబుతోంది. ఇదివరకు ఆ కట్ట పడితే వీధి కుక్కలన్నీ లేచి మొరిగేవి. ఇప్పుడు నాకే మెలకువ రావడం లేదు.

మీ పేరేదైనా, మీరు మోసే జెండా ఏ రంగుదైనా నాకు తేడా లేదు. లోపల ఒకరినొకరు తిట్టుకుంటూనే నా బల్ల మీద పక్కపక్కన పడుకుంటారు. అందుకే అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆదివారం మీ మొదటి పేజీలో సగం పేజీ ప్రకటన చూశాను. బంగారం కొట్టుదీ కాదు, వెంచర్లదీ కాదు, మీ సొంత ప్రకటనే. వార్తలన్నీ ఇక అరచేతిలోనే, వెంటనే యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి అని, కింద ఓ క్యూఆర్ కోడు. అయ్యా, ఆ కాగితం అమ్మేది నేను. రేపటి నుంచి ఈ కొట్టుకు రావొద్దని కొనేవాడికి చెప్పే కాగితాన్ని నా చేతే అమ్మిస్తున్నారు, పైగా కాపీకింతని కమీషను కూడా ఇస్తున్నారు. నా తద్దినానికి నన్నే వంటకు కుదుర్చుకున్నట్టుంది. ఆ కమీషను ఎంతో ఇక్కడ రాస్తే ఏజెంటుగారు నొచ్చుకుంటారు, చదివినవాళ్లు నవ్వుతారు. వదిలేద్దాం.

బందరు వాడికి పత్రికల గొప్ప కొత్తగా చెప్పక్కర్లేదు లెండి. కృష్ణాపత్రిక 1902లో ఈ ఊళ్లోనే పుట్టింది. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకుడిగా ఉన్నారు. ఇప్పుడు మీరు విజయవాడలో అచ్చయి, డెబ్బై కిలోమీటర్లు వ్యానెక్కి మా ఊరికి వస్తున్నారు. 1923లో ఇక్కడే పుట్టిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇక్కడ పుట్టినవి ఇంకోచోట స్థిరపడటం మాకు కొత్త కాదు. మీరు ఫోన్లోకి వెళ్లిపోతున్నారంటే అందుకే ఏడవడం లేదు. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లమంటున్నాను, అంతే.

మీకోసం మా ఇంట్లో ఎంత నిద్ర పాడైందో మీకేం తెలుసు? 1974 ఆగస్టు 10న విశాఖలో ఈనాడు మొదలయ్యేదాకా అక్కడి జనానికి పొద్దుటి పేపరు విజయవాడ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేదట. తెల్లారకముందే గుమ్మంలో పేపరు పడాలన్న అలవాటు అప్పుడు పట్టుకుంది. ఊరికి కాఫీతో పాటు వార్త కావాలి, ఆ వార్త కోసం మా నాన్నకు నాలుగింటికే చలిలో చెవులకు మఫ్లరు కావాలి. 1989లో జిల్లాకో చిన్న పేపరు లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాక సెంటర్లో పొంగిన మురుగుకాల్వ కూడా ఫొటోతో సహా అచ్చయ్యేది. ఢిల్లీ వార్త తెలియని వాళ్లు కూడా ఆ కాల్వ వార్త కోసం కొనేవాళ్లు. కాల్వ అలాగే ఉంది. దాన్ని ఇప్పుడు కుర్రాళ్లు రీల్ తీసి పెడుతున్నారు.

2008 మార్చిలో సాక్షి వచ్చింది, అన్ని పేజీలూ రంగుల్లో, రెండు రూపాయలకే. ఎన్టీఆర్ గారు 1983లో కిలో బియ్యం రెండు రూపాయలన్నారు, పాతికేళ్లకి అదే రెండు రూపాయలకు పేపరు దిగింది. నెలాఖరున పాత పేపర్లు తూకానికి వేస్తే పెట్టిన డబ్బులో కాస్త తిరిగొచ్చేది. వాడేశాక మళ్లీ అమ్ముకునే సరుకు నా కొట్టులో ఇంకోటి లేదు. పెన్షనర్లు మిమ్మల్ని వార్తల కోసం కొంత, ఆ తూకం కోసం కొంత ప్రేమించారు.

అయితే నా కొట్టు నిజంగా వెలిగిన రోజులు పదో తరగతి ఫలితాల రోజులు. ఇప్పటి పిల్లలకు ఇది చెప్పినా నమ్మరు. ఫలితాలంటే హాల్‌టికెట్ నంబర్లు. ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు, థర్డ్ క్లాసు అని విడగొట్టి, చీమల బారు సైజులో పేజీ నిండా అంకెలే. తెల్లారకముందే కొట్టు ముందు తండ్రులు, మామయ్యలు, ట్యూషను మాస్టార్లు. కుర్రాడు మాత్రం కాస్త దూరంగా కరెంటు స్తంభం వెనక. ముందు ఫస్ట్ క్లాసులో వెతికేవాళ్లు, అక్కడ లేకపోతే గొంతు తగ్గించి సెకండ్ క్లాసులో, తర్వాత ఎవరికీ కనపడకుండా పేపరు మడిచి థర్డ్ క్లాసులో. అక్కడా లేకపోతే అచ్చుతప్పేమో అని ఇంకో పేపరు కొనేవాళ్లు. ఆ పేపర్లోనూ లేకపోతే మూడోది. ఫెయిలైనవాడి తండ్రి ఒక్కడే నా దగ్గర మూడు పేపర్లు కొన్నాడు, పాసైనవాడి తండ్రి ఒక్కటే కొని మిఠాయి కొట్టుకు వెళ్లిపోయాడు. ఈ వ్యాపార రహస్యం ఏ ఎంబీయే కాలేజీలో చెబుతారు? ఇప్పుడు నంబరు కొడితే మార్కులతో సహా ఫోన్లో వచ్చేస్తోంది. అచ్చుతప్పు అనుకునే అవకాశం కూడా లేకుండా పోయింది పాపం.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మొదట్లో నేనూ సంతోషించాను, రీఛార్జి మీద నాలుగు డబ్బులు వస్తాయని. తర్వాత మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెల్లవారుజామున మీ పీడీఎఫ్ పడటం మొదలైంది. జిల్లా పేజీ, సినిమా పేజీ, ఆదివారం పుస్తకం, ఏదీ వదలకుండా. పెట్టేది నా దగ్గరే పాలప్యాకెట్టు కొనే రిటైర్డ్ ఉద్యోగి. ఓ రోజు పాలకి వచ్చి, “ఏమయ్యా, పొద్దున్నే నువ్వు పేపర్ల హడావుడిలో ఉంటావు, చదివే తీరిక ఉండదని నీక్కూడా విడిగా పంపాను, చూశావా?” అన్నారు. చూశానండీ అన్నాను. బల్ల మీదున్న మీరు విన్నారో లేదో.

మీ లెక్కల గురించి ఓ మాట. అమ్ముడైన కాపీలు లెక్కపెట్టడానికి 1948 నుంచి ఏబీసీ అనే సంస్థ ఉంది. చదివిన తలలు లెక్కపెట్టడానికి వేరే సర్వే జరిగేది. కాపీకి ఇంతమంది పాఠకులని చూపించి మీరు ప్రకటనలు తెచ్చుకుంటారు. ఆ పాఠకులు ఎక్కడ తయారవుతారో తెలుసా? నా కొట్టు ముందు బల్ల మీద. ఒకే కాపీని పాయలు పాయలుగా విడదీసి ఒకాయన మెయిన్, ఒకాయన క్రికెట్టు, ఒక కుర్రాడు సినిమా పేజీ. గళ్లనుడికట్టు మాస్టారు నా పెన్నే అడిగి తీసుకుని అమ్మాల్సిన పేపర్లోనే నింపేవారు. ఇంకొకాయన రాశిఫలం చూసి, బాగుంటే మడిచి పెట్టేవాడు, బాగోలేకపోతే ఇంకో పేపరు లాగి అందులో చూసుకునేవాడు. బల్ల నాది, టీ పక్క కొట్టుది, పాఠకులేమో మీ ఖాతాలో. కొనకుండా చదువుతున్నారని వాళ్లని కసిరేవాణ్ని. ఇప్పుడు ఊరికే చదవండి బాబూ అని పిలిచినా ఎవరూ తలెత్తడం లేదు. అదే బల్ల, అదే మనుషులు, మెడలు మాత్రం ఫోన్లోకి వంగున్నాయి. కొనేవాళ్లు తగ్గినప్పుడు నాకు టెన్షన్ రాలేదు కానీ, దొంగచాటుగా చదివేవాళ్లు కూడా పోయిన రోజున వచ్చింది.

ఫోన్లో వాళ్లు చదివేది కూడా మిమ్మల్నే అంటారు మీరు. చూశాను. అక్కడ మీ భాషే వేరు. కాగితం మీద ‘కాలువలో కారు పడి ఇద్దరి మృతి’ అని పెద్దమనిషిలా రాస్తారు. అదే వార్త మీ వెబ్‌సైట్లో ‘సరదాగా బయల్దేరారు.. అంతలోనే!’ అవుతుంది. ఎవరు, ఎక్కడ, ఏమైంది అన్నది తెలియాలంటే మధ్యలో మూడు ప్రకటనలు దాటాలి. హెడ్డింగులోనే అసలు సంగతి చెప్పేసి ఆ తర్వాత డబ్బులడిగే అమాయకత్వం మీకు కాగితం మీదే మిగిలింది. కాగితం మీద కూడా మొదటి పేజీ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన రోజులొచ్చాయనుకోండి. పైన ఓ ప్రకటనల జాకెట్టు, దాని కింద ఇంకో జాకెట్టు, ఫస్టు ర్యాంకు మాదేనని రెండు మూడు కాలేజీలు ఒకే రోజు ఫుల్ పేజీ. ఆ పేజీలు దాటితే అప్పుడు మీరు కనిపిస్తారు.

2020 మార్చి సంగతి తలుచుకోవాలని లేదు. పేపరు ముట్టుకుంటే కరోనా అన్నారు. కొందరు పేపరుకి ఇస్త్రీ చేసి చదివారు. ఎక్కువమంది మాత్రం మానేశారు, మానేసినవాళ్లు టీకాలు వేయించుకున్నాక కూడా మళ్లీ వేయమనలేదు. మీరేమో పేజీలు తగ్గించారు. పేపరు వేసే కుర్రాళ్లూ అప్పుడే పని మానేశారు. అయినా ఇప్పుడు ఎవరొస్తారు? ఇంటర్ కుర్రాడికి ఆ టైముకి కాలేజీలో స్టడీ అవరు. బండి ఉన్నవాడికి బిర్యానీ డెలివరీలో ఒక ట్రిప్పుకి వచ్చేది మిమ్మల్ని వేస్తూ వీధంతా తిరిగినా రాదు. చివరికి చందా ఇళ్లకు నేనే వేస్తున్నాను. మూడో అంతస్తుకి విసరడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను. చాలావరకు రెండో అంతస్తు వాళ్లకే అందుతోంది, వాళ్లు మాత్రం చందా కట్టరు.

పాత పేపరు వ్యాపారం మీదన్నా బతుకుదామంటే 2023 సెప్టెంబరులో తిండి సరుకుల నాణ్యత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు మళ్లీ హెచ్చరించారు. అచ్చు సిరాలో సీసం లాంటివి ఉంటాయి, తినేవాటిని పేపర్లో పొట్లం కట్టొద్దని. మంచిదే. మిరపకాయ బజ్జీ నూనె పీల్చిన ఎడిటోరియల్ చాలా ఏళ్లు చదివాం. ఇకపై మిమ్మల్ని బుర్రకెక్కించుకోవచ్చు కానీ కడుపులోకి పోనివ్వకూడదన్నమాట. బుర్రకు ఎఫ్ఎస్ఎస్ఏఐ లేదు.

ధర విషయం చెప్పడం మరిచాను. మీరు ధర పెంచినప్పుడల్లా చివర అర్ధరూపాయి తగిలించేవారు. అర్ధరూపాయి నాణెం ఎప్పుడు చూశామో ఎవరికీ గుర్తులేదు. ఆ అర్ధరూపాయికి బదులు ఇచ్చిన చాక్లెట్లతో ఊళ్లో సగం మందికి పళ్లు పాడయ్యుంటాయి. ఇప్పుడు ఫోన్‌పే కాబట్టి ఆ బాధ లేదు. డబ్బా మాత్రం మీ ధరని సెంటరంతా వినపడేలా అరుస్తుంది. అటుగా పోయేవాడు ఆగి, పేపరు ఇంతయిందా అని ఆశ్చర్యపడి వెళ్లిపోతాడు. కొనడు.

ఇంతకీ మిమ్మల్ని ఇప్పుడు ఎవరు కొంటున్నారో మీకు చెప్పే మనిషి ఎవరూ ఉన్నట్టు లేరు, నేను చెబుతాను. వార్త కోసం కొనేవాళ్లు వేళ్ల మీద లెక్క. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలు కొందరు. మిగతావాళ్లంతా సాక్ష్యం కోసం కొంటున్నారు. దస్తావేజులు పోయాయని ప్రకటన వేసినవాడు, ఆస్తి తగాదాలో నోటీసు ఇచ్చినవాడు, తండ్రి శ్రద్ధాంజలి వేయించిన కొడుకు, స్కూల్లో బహుమతి వచ్చిన పిల్ల తాతగారు, పుట్టినరోజుకి పాలాభిషేకం చేయించుకున్న వార్డు నాయకుడు. వీళ్లందరికీ ఫోన్లు ఉన్నాయి, అన్నీ ఫోన్లో చూసేసే వస్తారు. అయినా పేపరు కావాలంటారు. ఫోన్లో వచ్చింది సాయంత్రానికి తీసేయొచ్చు, మీలో వచ్చింది తీయలేరు. ఆ నాయకుడు రోజంతా వాట్సాప్‌లో బతుకుతూ, “అది ఎవడైనా పెడతాడు బాబాయ్, పేపర్లో వస్తే లెక్క” అన్నాడు. రోజూ నాలుగు అబద్ధాలు ఫార్వర్డ్ చేసే మనిషి తన విషయానికి వచ్చేసరికి అచ్చు కావాలంటున్నాడు. మీకింకా ఇంత పరువుంటే, ఫోన్లో చేరి షాకవుతారు, తెలిస్తే వణుకుతారు అని ఎందుకు అరుస్తున్నారో నాకు అర్థం కాదు.

తుపానప్పుడు కూడా మీ మీద నమ్మకం బయటపడింది. కరెంటు లేదు, టవర్లు పడుకున్నాయి, ఫోన్లన్నీ చచ్చాయి. ఊరు ఊరంతా నా కొట్టు మీదకు వచ్చింది, పేపరుందా పేపరుందా అని. ఎన్నేళ్ల తర్వాతో అలాంటి గిరాకీ. రోడ్డు మీద చెట్లు పడి ఆ రోజు మీ వ్యాను రాలేదు. కొవ్వొత్తులు అమ్మాను.

ఇక వ్యాపారం మాట. సోమవారం నుంచి నా కట్టలో అయిదు కాపీలు తగ్గించండి. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోమని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. ఎల్లుండికి మాత్రం నలభై ఎక్కువ పంపించాలి. పైన చెప్పిన నాయకుడిదే పుట్టినరోజు, జిల్లా పేజీలో ఫొటో ఖాయమని మీ విలేఖరి చెప్పాడట. డబ్బులు ముందే తీసుకున్నాను. ఫొటో రాకపోతే ఆ నలభై కాపీలకి బదులు విలేఖరినే పంపించండి, నాయకుడికి ఆయనే సమాధానం చెప్పుకుంటాడు.

ఇట్లు,
కొట్టువాడు

తాజాకలం: కట్టలో పాంప్లెట్లు పెట్టే పని నాకే చెప్పారు. పెట్టేశాను. అవి కూడా మీ యాప్‌వే.