గెట్ గారికి బెజవాడ నుంచి బహిరంగ లేఖ

విజయవాడ,
ఏలూరు రోడ్డు.

ఇంగ్లీషు క్రియలలో పెద్దలైన మహారాజశ్రీ గెట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ తమరికేం లోటు లేదు. బెంజి సర్కిల్ మొదలుకొని గుంటూరు అరండల్‌పేట దాకా స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు వేలాడే ప్రతి మేడ మీదా తమరి కాపురమే. అయితే ఆ మేడల మీద తమరి గురించి చెప్పేది ఒకటి, కిందికి దిగి రోడ్డెక్కాక తమరు చేసేది ఇంకొకటి. గొడవంతా అక్కడే వచ్చింది.

మొదటిరోజు నోట్సులో ఇలా రాయిస్తారు: గెట్ అంటే పొందు. దాని కింద వరసగా రిసీవ్, అబ్టైన్, అక్వైర్, సెక్యూర్, ఫెచ్. అన్నీ ఒకటేనట, పెద్దమాట వాడితే ఇంటర్వ్యూలో గౌరవమట. అది నమ్మిన కుర్రాడు మర్నాడు తుమ్ముతూ వచ్చి ‘ఐ అబ్టైన్డ్ ఎ కోల్డ్’ అంటాడు. అంటే జలుబు కోసం దరఖాస్తు పెట్టి, నాలుగు ఆఫీసులు తిరిగి, చివరికి సాధించుకొచ్చాడన్నమాట.

ఆ వరసలో ఏ ఇద్దరిదీ ఒకే ఉద్యోగం కాదని తమరికి తెలుసు, చెప్పరు. రిసీవ్ అనాలంటే అవతల పంపినవాడు ఒకడుండాలి. అబ్టైన్ అనాలంటే ప్రయత్నం ఉండాలి, పక్కన ఓ కాగితమో అనుమతో ఉంటే మరీ మంచిది. అక్వైర్ అంటే మెల్లగా కూడబెట్టుకోవడం, భాషో అలవాటో నైపుణ్యమో. సర్కారు నోట వస్తే మాత్రం అది భూమి. దానికి నిఘంటువు తిప్పనక్కర్లేదు, రాజధాని భూములున్న తుళ్లూరు వైపు ఏ రైతును అడిగినా, తనంతట తానిచ్చే పూలింగుకీ సర్కారు తీసుకునే అక్విజిషన్‌కీ తేడా గట్టుమీద నిలబెట్టి చెబుతాడు. సెక్యూర్‌లో పోటీ ఉంటుంది, పక్కవాడికి దక్కకుండా మనం దక్కించుకోవడం. ర్యాంకుల ప్రకటనలకు ఆ మాటంటే అంత ప్రేమ అందుకే. ఫెచ్‌లో వెళ్లడం, తీసుకుని తిరిగి రావడం రెండూ ఉంటాయి. అదే ఫెచ్ గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెడితే ధర పలకడం అయిపోతుంది: ‘ద చిల్లీస్ ఫెచ్డ్ ఎ గుడ్ ప్రైస్.’

ఇంతమందిని వెనకేసుకు తిరుగుతున్న తమరు అసలు ఇంగ్లండులో పుట్టినవారైనా కారు. వైకింగుల పాత నార్స్ భాషలో ‘గెటా’ అనే పేరుతో ఉండి, 1200 ప్రాంతంలో ఇంగ్లీషులో కుదురుకున్నారు. అప్పటికే అక్కడున్న తమరి దాయాదులు సొంతంగా నిలబడలేక ఫర్గెట్, బిగెట్ లాంటి మాటల చివర తలదాచుకున్నారు. వాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, తమరు ఊరంతా ఆక్రమించారు. ఇలాంటి కథలు బెజవాడకి కొత్తేం కాదు లెండి.

అసలు ఫిర్యాదుకొస్తాను. మాకు అన్నీ ‘వస్తాయి’. జీతం, జ్వరం, కోపం, నిద్ర, అనుమానం, అన్నీ వచ్చేవే. ‘నాకు’ తీసి ‘ఐ’ పెట్టి, ‘వచ్చింది’ తీసి తమరిని కూర్చోబెడితే ఇంగ్లీషు అయిపోతుందని మా నమ్మకం. జీతం దగ్గర, జ్వరం దగ్గర తమరు నోరెత్తరు: ‘ఐ గాట్ మై శాలరీ’, ‘ఐ గాట్ ఎ ఫీవర్’, రెండూ చెల్లుతాయి. కోపం దగ్గరికి రాగానే అడ్డం తిరుగుతారు. ‘ఐ గాట్ యాంగర్’ చెల్లదట, ‘యాంగ్రీ’ కావాలట. ఎందుకంటే అక్కడ తమరు మా ‘వచ్చు’ పని మానేసి ‘అగు’ పనిలో చేరారు. చేతికో ఒంటికో వచ్చి చేరేదైతే నామవాచకం, మనిషి స్థితే మారితే విశేషణం. తమరి స్థానంలో ‘బికమ్’ పెట్టి చూస్తే తేలిపోతుంది. వాక్యం నిలబడితే విశేషణమే వాడాలి: యాంగ్రీ, హంగ్రీ, బోర్డ్, లేట్. ఈ ఒక్క ముక్క ఏ నోట్సులోనూ ఉండదు.

ఇది తెలియకే మధ్యాహ్నం క్లాసులో పిల్లవాడు ఆవలిస్తూ ‘సార్, ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అని విన్నవించుకుంటాడు. నాకు నిద్ర బాగానే పడుతోంది, తమరేం దిగులు పడకండి అని దానర్థం. వాడికి కావలసింది ‘స్లీపీ’. ఆ పక్కవాడు లేచి ‘ఐ గాట్ ఎ డౌట్’ అంటాడు. ఇక్కడ తప్పు తమరిది కాదు, డౌట్‌ది. అది పాఠంలో సందేహం కాదు, మాస్టారు చెప్పింది నిజమేనా అన్న అపనమ్మకం. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే చాలు, మాస్టారి పరువు దక్కుతుంది.

ఇక ‘దిగు’. బస్సు, ఆటో, రైలు, చెట్టు, ఏది దిగినా మాకు దిగడమే కాబట్టి అన్నిటికీ ‘గెట్ డౌన్’ అనేశాం. తమరి లెక్క వేరు. లోపల నిలబడి నాలుగడుగులు నడవగలిగే బండైతే గెట్ ఆన్, గెట్ ఆఫ్: బస్సు, రైలు, విమానం. ఒంగుని దూరి కూర్చునేదైతే గెట్ ఇన్, గెట్ అవుట్: కారు, ఆటో. పైకెక్కి కూర్చునే సైకిలు, మోటారుసైకిలు, గుర్రం మళ్లీ ఆన్, ఆఫ్ ఖాతాలోనే. గెట్ డౌన్ అనేది నిచ్చెనకీ చెట్టుకీ. ఊరికే గట్టిగా ‘గెట్ డౌన్!’ అని అరిస్తే తెల్లవాడు బస్సు దిగడు, ఏదో మీదికొస్తోందని తల వంచి సీట్ల మధ్య కూలబడతాడు. నెహ్రూ బస్టాండులో దింపాలనుకుంటే కండక్టరు ‘గెట్ ఆఫ్’ అనాలి. ఆ మాట ఇక్కడెవరికైనా తిట్టులా వినపడుతుంది, అది వేరే సంగతి.

తమరు మాకు చేసిన పెద్ద ద్రోహం మాత్రం ‘ఇంచు’ విషయంలోనే. కుట్టు, కుట్టించు. కట్టు, కట్టించు. చేయు, చేయించు. ఒక్క ప్రత్యయంతో పని ఎదుటివాడి చేతికి వెళ్లిపోతుంది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు, ఆ బరువు మోసేది తమరే. అయినా మావాళ్లకి గుర్తురారు. దుర్గాఘాట్‌లో గుండు చేయించుకున్నవాడు ‘ఐ షేవ్డ్ మై హెడ్’ అంటాడు, కత్తి తనే పట్టుకున్నట్టు. అనవలసింది ‘ఐ గాట్ మై హెడ్ షేవ్డ్’: ముందు తమరు, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. ఈ వరస తప్పకూడదు. బీసెంట్ రోడ్డులో జాకెట్టు కుట్టించుకున్నావిడ వస్తువును చివరికి నెట్టి ‘ఐ గాట్ స్టిచ్డ్’ అని ఒక్కక్షణం ఆగిందంటే, వినేవాళ్లు ఏ ఆసుపత్రిలో, ఎన్ని కుట్లు అని అడుగుతారు.

మనిషిచేత చేయించేటప్పుడు మధ్యలో ‘టు’ కావాలి: ‘ఐ గాట్ మై ఫాదర్ టు సైన్.’ అంటే బతిమాలో బామాలో నాన్నగారిచేత సంతకం పెట్టించాను. అదే ‘హావ్’ అయితే ‘టు’ వద్దు, బతిమాలడమూ ఉండదు, ఉద్యోగికి పని పురమాయించినట్టుంటుంది. ‘మేడ్’ అంటే మెడమీద కత్తి పెట్టినట్టే. హాస్టల్ వార్డెన్‌తో ‘ఐ మేడ్ మై ఫాదర్ సైన్’ అని చెప్పే పిల్లలందరూ నిజానికి నాన్నంటే హడలిపోయేవాళ్లే.

చేరుకోవడం గురించి తొందరగా చెప్పేస్తాను. గెట్ టు గుంటూరు, కానీ గెట్ హోమ్. ఊరికి ‘టు’ ఉంది, ఇంటికి లేదు. ‘దేర్’కీ ‘హియర్’కీ కూడా లేదు. ‘రీచ్’కి ఎక్కడా లేదు, అయినా ఉందనుకుని ‘రీచ్డ్ టు గుంటూరు’ అని మంగళగిరి దాటకముందే మెసేజి పెడతారు. అందులో రెండు తప్పులు, ఒకటే వ్యాకరణానిది.

కాబట్టి తమరు దయతో ‘పొందు’ అనే పాత బోర్డు పీకేసి, ‘వచ్చు, అగు, ఇంచు’ అని మూడు బోర్డులు విడివిడిగా కట్టించుకోవలసిందని మనవి. కట్టించుకోవడాన్ని ఇంగ్లీషులో ఏమనాలో తమరికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
కృష్ణకు ఇటూ అటూ పాఠాలు చెప్పుకునే ఇంగ్లీషు మాస్టర్లు

తా.క.: అమెరికా వెళ్లిన మా పిల్లలు సెలవులకొచ్చి తమరి మూడో రూపాన్ని ‘గాట్’ అనక ‘గాటెన్’ అంటున్నారు. అది అమెరికావాళ్లు కనిపెట్టిందనుకుని ఇక్కడి పెద్దలు తప్పు దిద్దుతున్నారు. అది ఇంగ్లండు పాతసొత్తే. అక్కడివాళ్లు దాదాపుగా వదిలేసి ‘ఇల్-గాటెన్’లో మాత్రం దాచుకున్నారు. అక్రమార్జనకు మాత్రమే మిగుల్చుకున్న రూపం కనుక, ఎన్నికల అఫిడవిట్ల అనువాదానికి మాకు అవసరం పడవచ్చు. ఆ ఒక్కటీ వెనక్కి తీసుకోకండి.