మూడు ఎంబీల ముద్దాయి

విశాఖ మద్దిలపాలెంలో మా అపార్ట్‌మెంటుకు పన్నెండు ఫ్లాట్లు, ఒక బోరు, ఒక మోటారు. వాచ్‌మన్ కూడా ఒకడే, అతనూ పక్క బిల్డింగుతో ఉమ్మడి. అందుకని మోటారు ఎవరు వెయ్యాలి, ఎవరు ఆపాలి అన్న ధర్మసందేహం మీద పన్నెండు కుటుంబాలూ ఏళ్ళ తరబడి లిఫ్టులో మొహాలు తిప్పుకుంటూ బతుకుతున్నాయి. మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడు, ఇంజనీరింగ్ మూడో ఏడు, ఈ గొడవ చూడలేక రెండు రాత్రులు కూర్చుని ఓ యాప్ రాశాడు. ఇవాళ ఎవరి వంతో చెబుతుంది, ట్యాంకు నిండే వేళకి గంట కొడుతుంది. అంతకు మించి దానికేమీ తెలీదు. ప్రకటనల్లేవు, నంబరు అడగదు. మొత్తం మూడు ఎంబీలు.

గ్రూపులో పెట్టాడు. ఫోన్లన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి.

మీ భద్రత కోసం ఇలా వచ్చిన యాప్‌ని రానివ్వం అన్నాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి రానిమ్మంటే, మీ భద్రత కోసం మరోసారి ఆలోచించండి అన్నాయి. ఆలోచించాం. స్కాన్ చేస్తామన్నాయి. చెయ్యమన్నాం. చివరికి అసలు సంగతి కక్కాయి: దీన్ని రాసినవాడెవరో మాకు తెలీదు.

మాకు తెలుసు మహాప్రభో! వాడు మా చెల్లెలి కొడుకు. బారసాల నాడు నా కొత్త పంచె తడిపిన ఘనుడు.

వాచ్‌మన్ మూడంతస్తులు ఎక్కి వచ్చాడు, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు ఫోన్‌ని ఒంటికి దూరంగా పట్టుకుని. "బాబూ, ఫోన్ తిడతంది. నానేటీ నొక్కనేదు" అన్నాడు. కాసేపు నిలబడి, గొంతు తగ్గించి, "మీ మేనల్లుడు మంచోడే కదా బాబూ?" అన్నాడు. లోపల గదిలో వాడు విన్నాడు.

స్టోర్‌లోంచి కాకుండా ఇలా యాప్ పెట్టుకోవడానికి వాళ్ళు పెట్టిన పేరు చూడండి, సైడ్‌లోడింగ్. నా డబ్బులిచ్చి డాబాగార్డెన్స్‌లో కొనుక్కున్న ఫోన్‌లో నాకు కావలసింది నేను పెట్టుకుంటే, అది పక్క నుంచి ఎక్కించడమట. కంప్యూటర్లో ఇదే పని చేస్తే ఇన్‌స్టాల్ అంటాం, ఎవరూ ఉలిక్కిపడరు. ఫోన్‌లో చేస్తే పెరటి గోడ దూకినట్టు. పేరు పెట్టినప్పుడే సగం నేరం రుజువైపోయింది.

ఇప్పటిదాకా ఇది హెచ్చరికల కాలం. ఇక రాబోయేది అనుమతుల కాలం. గూగుల్ 2025 ఆగస్టులో సెలవిచ్చింది: గుర్తింపు పత్రాలు చూపించి తమ దగ్గర నమోదైన డెవలపర్ల, అంటే యాప్ రాసేవాళ్ళ, యాప్‌లే, తాము సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వెళ్తాయి. ప్లే స్టోర్‌లో పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. ముందు 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్. 2027 నుంచి మిగతా లోకం. ఆ మిగతా లోకంలోనే మద్దిలపాలెం ఉంది. రుసుము 25 డాలర్లు. విద్యార్థులకి వేరే ఖాతా ఇస్తారట, కొద్ది ఫోన్ల వరకే. గోల పెరిగాక నవంబరులో, అనుభవజ్ఞులు హెచ్చరికలన్నీ దాటుకుని పెట్టుకునే దారి ఒకటి ఉంచుతామని దయ తలిచారు. మా వాచ్‌మన్ ఏ లెక్కన అనుభవజ్ఞుడో వాళ్ళే చెప్పాలి. 2010 నుంచి ఉచిత యాప్‌లు పంచుతున్న ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు ఈ నిబంధన వస్తే తమ పని అయిపోయినట్టేనన్నారు. పోనిద్దురూ. మన భద్రత కంటే ఎక్కువా?

ఈ పద్ధతిని ఫోన్‌తో ఆపెయ్యడం అన్యాయమని నా అభిప్రాయం. ఆవకాయకీ పెట్టాలి.

బొబ్బిలి నుంచి మా పిన్ని ఏటా ఆర్టీసీ కార్గోలో జాడీ పంపుతుంది. సూపర్ మార్కెట్‌లో కొన్నది కాదు కాబట్టి అది సైడ్‌లోడ్ ఆవకాయే. ఇక మీదట వాసెన విప్పబోతే జాడీ అంటుంది: ఆగండి, ఈ ముక్కలు కలిపినావిడ ఎవరో మాకు తెలీదు. పిన్ని ఆధార్ కార్డూ, కరెంటు బిల్లూ, పాతిక డాలర్లూ కాలిఫోర్నియాకి పంపాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాసుపుస్తకంలో వెనకుంది, కనక తిప్పి కొడతారు. కరెంటు బిల్లు బాబాయి పేరు మీదుంది. బాబాయి పోయి ఆరేళ్ళయింది. ఆయన తల కుడికీ ఎడమకీ తిప్పుతూ ఒక వీడియో పంపమంటారు. ఈలోగా ఊట ఊరిపోతుంది. అన్నీ కుదిరాక, ఈసారి మెంతిపిండి చారెడు ఎక్కువేసింది గనక ఇది కొత్త వెర్షన్ కదా, పోయినేడు సంతకం చేసిన చేత్తోనే చేశారా అంటారు. పోయినేడు కలిపింది పిన్ని చెయ్యి కాదు, మోచెయ్యి బెణికితే పక్కింటావిడ కలిపింది. ఇక చూస్కోండి. భర్త తరఫు వంటని జాడీయే అనుమానించిందని మా ఆవిడ ముందు ముసిముసిగా నవ్వింది. వాళ్ళమ్మ పంపిన గోంగూర సీసా కూడా బిగుసుకునేసరికి ఆ నవ్వు ఆగింది. చివరికి, ఈ ఆవకాయ నా సొంత పూచీ మీద తింటున్నాను అని వేలిముద్ర వేస్తే ఒక్క ముక్క ఇస్తామంటే, అన్నం కలిపిన చెయ్యాయె, ఎర్రనూనె అంటిన వేలిని జాడీ గుర్తుపట్టదు!

తప్పించుకునే దారులు లేవా అంటే, ఉన్నాయి. సెట్టింగుల్లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే ఫోన్ నిన్ను డెవలపర్‌ని చేస్తుంది. ఏడడుగులు వేస్తే మొగుడు, ఏడుసార్లు నొక్కితే డెవలపర్. రెండిట్లోనూ తర్వాతి సంగతులు ముందు చెప్పరు. నేను నొక్కిన మర్నాడే, ఎంవీపీ కాలనీ రైతుబజార్లో తోటకూర కట్ట పట్టుకుని నిలబడితే, మా బ్యాంకు యాప్ (ఏ బ్యాంకో ఎందుకులెండి) డెవలపర్ ఆప్షన్లు ఆపితే గానీ తలుపు తియ్యనంది. వెనక క్యూ. తోటకూర కోసం డెవలపర్ పదవికి అక్కడికక్కడే రాజీనామా చేశాను.

ఇంకా లోపలికి, ఫోన్ ఏ సాఫ్ట్‌వేర్‌తో లేవాలో తేల్చే బూట్‌లోడర్ దాకా వెళ్దామంటే, దానికీ తాళమే. సామ్‌సంగ్ వాళ్ళు 2025లో వన్ యూఐ 8 అనే తమ సాఫ్ట్‌వేర్‌తో ఆ తాళం తీసుకునే వీలే మెనూలోంచి తీసేశారు. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం చాటున ఉన్నా, వైశాఖ శుద్ధ తదియ నాడు నిజరూపం చూపిస్తాడు. పదిహేను వేలు పోసి కొన్న ఈ ఫోన్‌కి ఆ ఒక్కరోజూ లేదు.

మోసాలు లేవని నేననను. శుభలేఖ అని ఒక ఏపీకే (యాప్‌ని ఎక్కించే ఫైలు), ట్రాఫిక్ చలానా అని ఇంకో ఏపీకే వాట్సాప్‌లో వస్తాయి, నొక్కినవాళ్ళ ఖాతాలు ఊడ్చుకుపోతాయి. ఇంటర్నెట్ నుంచి పక్కదారిన వచ్చే వాటిలో ప్లే స్టోర్‌తో పోలిస్తే యాభై రెట్లకు పైగా హానికర యాప్‌లున్నాయని గూగుల్ లెక్క. సరే, ఒప్పుకున్నాం. మరి ముందు గుమ్మం లెక్క ఎవరు చెప్పాలి?

2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు దాకా ప్లే స్టోర్ నుంచి 2,200కు పైగా మోసపు అప్పుల యాప్‌లు తీసేశారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. తీసెయ్యాలంటే ముందు అక్కడ ఉండాలి కదా! ఉన్నాయి. దర్జాగా, నక్షత్రాలు అంటించుకుని ఉన్నాయి. ఏ గోడా దూకలేదు. అలాంటి యాప్‌లే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ లాక్కున్నాయి. ఐదు వేల అప్పుకి ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసి వాళ్ళ నాన్నలకీ, మేనమామలకీ పంపాయి. మన తెలుగు పిల్లలు ఆ సిగ్గుతో ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు ఏ తెరా ఎర్రబడలేదు. ఈ డెవలపర్ ఎవరో మాకు తెలీదని ఎవడూ అనలేదు. వాళ్ళ దగ్గర పత్రాలున్నాయి, ముద్రలున్నాయి, కమీషన్లున్నాయి. పత్రం లేనిది మా వాడికి. కాబట్టి దొంగ మా వాడు!

క్షమించండి. గంభీరంగా రాస్తానని కూర్చున్నాను.

చట్టం మాటకొస్తే, 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, డెవలపర్లు సైడ్‌లోడింగ్ ద్వారా యాప్‌లు పంచడాన్ని ఏ రకంగానూ అడ్డుకోవద్దని కూడా రాసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని ఉంచి, ఆ షరతుని కొట్టేసింది. సొమ్ము కట్టించుకున్నారు, తలుపు సంగతి వాళ్ళకే వదిలేశారు. ఇంతలో మన ఊరికి అదే సంస్థ 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. గిగావాట్ డేటా సెంటరుకి మంగళహారతి పట్టాం, నేను కూడా గంట వాయించాను. మన నేల, మన నీళ్ళు, మన కరెంటు అటు వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు. మా వాడి మూడు ఎంబీలు మూడో అంతస్తు నుంచి గ్రౌండ్ ఫ్లోరుకి దిగడానికే ఇన్ని తిప్పలు.

మొన్న ఆదివారం ఈ యాప్ ఉంచాలా తీసెయ్యాలా అని మేడ మీద మీటింగు పెట్టారు. రెండో అంతస్తు పెద్దాయన పోర్టులో రిటైరయ్యారు, అధ్యక్షులు ఆయనే. "అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ ఫోన్ ఊరికే అంటుందా?" అన్నారు. నాలుగో అంతస్తావిడ వాళ్ళ యాప్‌ని ఫోనే రాత్రికి రాత్రి పీకేసిందన్నారు. ఐదు ఫ్లాట్లు ఉంచమన్నాయి, ఐదు తీసెయ్యమన్నాయి, రెండు ఐఫోన్లు ఈ గొడవ మాకెందుకన్నాయి. మా మేనల్లుడు గోడకానుకుని నిలబడి, మాట్లాడకుండా చెప్పు కొనతో సున్నం గీకుతున్నాడు. వాడి జేబులో ఫోన్ గంట కొట్టింది. మిగతావాళ్ళంతా అప్పటికే తీసేసినట్టున్నారు, ఇంకెవరి జేబూ మోగలేదు. పెద్దాయన తీర్మానం రాయించుకుంటూ, కాళ్ళ కింద చల్లగా ఉందేమిటని వంగి చూశారు. ట్యాంకు పొంగి, మేడంతా పారి, మెట్ల మీదుగా కిందికి దిగుతోంది.

"మోటారు ఎవరి వంతయ్యా ఇవాళ?" అని అరిచారాయన.