మాల్‌వాలా దేవిడీ గారూ, నాకు దేవిడీమన్నానా?

మహారాజశ్రీ మాల్‌వాలా దేవిడీ వారి సముఖానికి,

హైదరాబాదు పాతబస్తీలో ఒకప్పుడు నిలిచిన పెద్ద భవంతి తమరు. నిన్న తమ చరిత్ర వెతుకుదామని సెలవు పెట్టి ఒక ఆఫీసుకు వెళ్లాను. ఆధార్ జిరాక్సు తీసుకుని, రిజిస్టర్లో నా పేరు, మా నాన్న పేరు, ఊరు, వచ్చిన పని అన్నీ రాయించుకుని, రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికి "మాల్‌వాలా అంటే ఏ మాలు సార్, ఇనుమా కిరాణానా?" అనడిగారు. మాల్ అంటే శిస్తు రాబడి అని చెప్పాను. లంచ్ తర్వాత రమ్మన్నారు. వెళ్లాను. రమ్మన్నాయన రాలేదు.

ఇంకో ఇల్లయితే ఊరుకునేవాణ్ణి. కానీ తమ ఇంటిపేరే దఫ్తరు పేరు కదండీ! తమను కట్టుకున్నది మొదటి నిజాంతో వచ్చిన కాయస్థ కుటుంబం, తరతరాలుగా దఫ్తర్-ఎ-మాల్, అంటే శిస్తు లెక్కల కచేరీ, వాళ్ల చేతిలోనే. ఏ ఊరి శిస్తెంత, ఏ జాగీరు ఎవరిది, అన్నీ రాసిపెట్టుకోవడమే పని, ఎంత పట్టంటే 1853లో నిజాంకు దివాను, అంటే ప్రధానమంత్రి, అయిన మొదటి సాలార్‌జంగ్ దాన్ని సడలించడానికి కొత్త శాఖలే పెట్టాల్సి వచ్చింది. రాజ్యం లెక్కంతా రాసిన ఇంటికి తన లెక్క లేదా? తమ చెక్కపని చేసిన వడ్రంగి ఎవరు, కూలి ఎంత, టేకు ఎక్కడిది? ఎక్కడ వెతికినా అవే మూడు ముక్కలు: కట్టింది 1845, రాజస్థానీ మొగలాయి పోకడ, అద్భుతమైన చెక్కడం. ఒకరి దాంట్లోంచి ఒకరు దించుకోవడమే, అచ్చుతప్పులతో సహా.

పాత కాగితాలు చూద్దామంటే ఫారసీ, అదీ షికస్తా రాత. షికస్తా అంటే విరిగింది అని అర్థమట. విరిగింది నా నడుమే. ఇంకో పెద్దాయన మధ్యభారతంలోని మాళ్వా నుంచి వచ్చారు కాబట్టి మాల్వాలా అని ఢంకా బజాయించాడు, నమస్కారం పెట్టి వచ్చేశాను.

అసలు నువ్వుంటే ఈ తిప్పలెందుకు? చార్మినార్ దగ్గర దిగి నిన్నే చూసి రాసుకునేవాణ్ణి. వారసత్వ కట్టడాల జాబితాకెక్కిన నిన్నే కూలగొట్టుకున్నారు. జాబితాలో పేరు ఎక్కించింది దేనికి, కూల్చేవాళ్లకి అడ్రసు తప్పకుండానా? సిగ్గు లేదు ఎవరికీ.

సోమవారం మళ్లీ వెళ్తున్నా. రిజిస్టర్లో "వచ్చిన పని" గడిలో నీ పేరే రాశాను, చూడబోతే ఆ ఆఫీసులో నీ మీదున్న తాజా రికార్డు అదే. సోమవారానికి రెండు వరుసలవుతాయి.

ఇట్లు,
బెంచీ మీద కూర్చున్నవాడు