ముందు ఆయనకు పరీక్ష

పెళ్లై ఏడాది తిరిగేసరికి ‘విశేషం ఏమైనా ఉందా?’ అని మొదలుపెడతారు. అడిగేది కోడల్నే. రెండేళ్లు దాటితే నోములు, ముడుపులు, నాటు మందులు. ఆ తర్వాత ఆసుపత్రి. అక్కడా ముందు నిలబడేది ఆమే. స్కానింగ్, థైరాయిడ్, హార్మోన్ల పరీక్షలు, అండం ప్రయాణించే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసే ఆ ఎక్స్‌రే నొప్పి చాలామందికి ఓ పట్టాన మరపునకు రాదు. ఫైలు లావెక్కాక డాక్టరు ‘మీవారిని కూడా ఒకసారి తీసుకురండి’ అంటే ఇంట్లో గొడవ. ‘నాకేం లోపం?’ అంటాడాయన.

మగతనం వేరు, వీర్యకణాల లెక్క వేరు. సంసారం సవ్యంగా సాగిస్తున్న మనిషి వీర్యంలో ఒక్క కణం కూడా లేకపోవచ్చు. కంటికి తేడా తెలియదు, మైక్రోస్కోప్ కిందే తెలుస్తుంది. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే సంతానలేమి అంటారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అలాంటి జంటల్లో దాదాపు సగం కేసుల్లో పూర్తిగానో కొంతవరకో కారణం మగవారి వైపు ఉంటుంది. పోనీ, వారి పరీక్ష కష్టమా అంటే అదీ కాదు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. సూది లేదు, నొప్పి లేదు, ఖర్చు వందల్లోనే. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, వాటిలో కనీసం 42 శాతం కదులుతూ ఉండటం ఇప్పుడు పాటిస్తున్న కింది హద్దు. ఒక్కసారి తక్కువ వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈమధ్య గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. మూడు నెలలాగి మళ్లీ చేయిస్తారు.

మగవారిలో తరచూ కనిపించేది వెరికోసిల్. వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం వల్ల అక్కడ వేడి పెరుగుతుంది. అవసరమైన వారికి చిన్న ఆపరేషన్ చేస్తారు. పొగ, మద్యం, షుగర్, ఊబకాయం, వయసొచ్చాక సోకిన గవదబిళ్లలు కూడా కారణాలే. జిమ్ముల సంగతి విడిగా చెప్పాలి. కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లతో మగతనం పెరుగుతుందని కుర్రాళ్ల నమ్మకం. జరిగేది తలకిందులు. హార్మోను బయటి నుంచి వస్తుంటే, వీర్యకణాలను తయారుచేయమని మెదడు పంపే సంకేతం ఆగిపోతుంది. కౌంట్ సున్నాకు పడొచ్చు. మానేశాక చాలామందిలో తిరిగి వస్తుంది కానీ నెలలు పడుతుంది.

ఆడవారిలో ‘నీటి బుడగలు’ అని భయపెట్టే పీసీఓడీ నిజానికి చికిత్సకు లొంగే సమస్యే. కాస్త బరువు తగ్గి, డాక్టరు ఇచ్చే మాత్రలు వాడితే చాలామందిలో అండం విడుదలవుతుంది. ‘నెలసరి నొప్పి మామూలే, పెళ్లైతే అదే తగ్గుతుంది’ అని ఇళ్లలో కొట్టిపారేసే నొప్పుల వెనక ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) దాగి ఉండొచ్చు. 35 దాటితే అండాల సంఖ్య, నాణ్యత రెండూ వేగంగా తగ్గుతాయి కాబట్టి వారు ఆరు నెలలకే డాక్టరును కలవాలి. అన్నిటికన్నా మన దేశంలో తప్పక అనుమానించాల్సింది గర్భసంచి టీబీ. ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఇక్కడివే. దగ్గు, జ్వరం ఉండకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే చాలామందిలో శుభ్రంగానే ఉంటుంది. లోపల మాత్రం ట్యూబులు పూడుకుపోతుంటాయి. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. కానీ ఆలస్యమైతే జబ్బు తగ్గినా పాడైన ట్యూబులు బాగుపడవు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు (ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు) ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు పిలుపునిచ్చారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ ఎత్తేసింది. ఎంతమందిని కనాలన్నది దంపతుల ఇష్టం. ఒక్క బిడ్డ కోసం తిరిగేవారి మాట మాత్రం ఆ పిలుపుల్లో వినిపించదు. వారికి కనిపించేది హోర్డింగుల మీది బోసినవ్వులు, లోపలికెళితే లక్షల బిల్లు. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) కేంద్రాల నియంత్రణకు 2021లోనే చట్టం వచ్చింది. అయినా సికింద్రాబాద్‌లో సరోగసీ (అద్దె గర్భం) బిడ్డ అని చేతిలో పెట్టిన పసికందు తమ రక్తం కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలిన జంట ఉదంతం 2025లో చూశాం. తనిఖీలు ఆ తర్వాత ముమ్మరమయ్యాయి!

ఐవీఎఫ్ దాకా వెళ్లనక్కర్లేని జంటలు చాలానే ఉంటాయి. వారికి కావాల్సింది జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో నమ్మదగిన వీర్య పరీక్ష, గర్భసంచి టీబీ పరీక్ష. గైనిక్ ఓపీలో చీటీ ఆమె పేరు మీదే రాస్తారు. ఆయన్ను చూపించాలంటే ఇంకో కౌంటర్, ఇంకో విభాగం, చాలాసార్లు ఇంకో రోజు. కూలి పోతుందని ఆయన రాడు, రాకుండా ఉండటానికి ఆయనకు అంతకన్నా మంచి సాకు అక్కర్లేదు. సంతానం కోసం వచ్చిన జంటకు ఒకటే ఫైలు ఇవ్వాలి, ఇద్దరినీ ఒకే రోజు చూడాలి, ఆమెకు ట్యూబుల ఎక్స్‌రే రాసేముందు ఆయన వీర్య పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. దీనికి కొత్త భవనమూ కొత్త పథకమూ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు సూపరింటెండెంట్లకు ఒక సర్క్యులర్ పంపితే వచ్చే సోమవారం ఓపీ నుంచే మొదలుపెట్టొచ్చు.