మర్యాదస్తుడికి కుక్క దొరకడం లేదు

హైదరాబాదులో డబ్బు పెట్టి కుక్కను కొనుక్కునేవాడికి దక్కే గౌరవం, దత్తత తీసుకుంటానని ముందుకొచ్చే దయామయుడికి దక్కకపోవడం మన నాగరికతకే తలవంపు. దుకాణంవాడు నడివేసవిలో సైతం, సైబీరియా మంచులో తిరగాల్సిన హస్కీని చేతిలో పెట్టి, ‘కార్డా, ఫోన్‌పేనా సార్?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతాడు. వీధికుక్కలను కాపాడి దత్తతకిచ్చే ఈ రెస్క్యూవాళ్లు మాత్రం దరఖాస్తు నింపమంటారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా అని ఆరా తీస్తారు, చివరికి ఇంటికే వచ్చి, మనం ముచ్చటపడి వేయించుకున్న ఇటాలియన్ పాలరాయి వంక కన్నెత్తి చూడకుండా నేరుగా బాల్కనీలోకి నడిచి, గ్రిల్ కమ్మీల మధ్య కుక్క తల దూరుతుందేమోనని పిడికిలి పెట్టి కొలుస్తారు.

అన్నిటికన్నా అభ్యంతరకరమైనది ఫాస్టర్ హోమ్ అనే ఏర్పాటు. రోడ్డు మీద దెబ్బ తిన్న కుక్కను బోనులో పడెయ్యకుండా, శాశ్వతంగా పెంచుకునేవారు దొరికేదాకా ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు. దాంతో ఆ ఇల్లాలికి కుక్క గుట్టంతా తెలిసిపోతుంది. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరుతుందని, గ్యాస్ సిలిండర్ దొర్లించిన చప్పుడుకు నిలుచున్నచోటే తడిపేస్తుందని, పెరుగన్నంలో బిళ్ల కలిపితే అన్నమంతా నాకేసి బిళ్లను మాత్రం గిన్నె అంచున వదిలేస్తుందని, అది మన గడప తొక్కకముందే చెప్పేస్తుంది. లోపాలన్నీ ముందే చెప్పేస్తే రేపు ‘మోసపోయాం’ అని వాపోయే అవకాశం ఎక్కడిది? పైగా టీకా కాగితాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితాలు చేతికిస్తూ ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది. ఒక్క పైసా లాభం లేనిచోట ఇంత దుఃఖం అనుమానాస్పదం కాదా?

జాతి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీవారు జలగం వెంగళరావు పార్కులో ఏకంగా వీధి కుక్కపిల్లల దత్తత మేళాయే పెట్టారు. మన ఎండకు తట్టుకునే కుక్కట. బాగానే ఉంది, లిఫ్టులో ఎదురైన పొరుగువారికి ఏ దేశపు జాతి అని చెప్పుకోవాలి?

ఇక రెస్క్యూవాళ్ల దత్తత ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉంటుంది: పెంచలేకపోతే కుక్కను వీధిలో వదలకూడదు, తమకే తిరిగి అప్పగించాలి. ఉద్యోగం బదిలీ అయినప్పుడో, సోఫా మీద బొచ్చు రాలినప్పుడో, కారెక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాటించి డోర్ తెరవడం మర్యాదస్తుల ఆనవాయితీ. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సైతం ఈ అవసరాన్ని పెద్దమనసుతో అర్థం చేసుకుని, మొదటి నేరానికి జరిమానా 50 రూపాయలు దాటకుండా చూసుకుంది. కాబట్టి ఆ షరతును తక్షణం తొలగించాలని, అంతగా పట్టుబడితే ఆ 50 రూపాయలేవో దత్తత రోజునే ముందుగా కట్టించుకోవాలని మనవి.