సన్మానానికి ముందు పదడుగులు నడిపించి చూడండి

జనవరిలో అమెరికాలోని మన తెలుగు సంఘం రాజోలు దగ్గర చేసిన సేవా కార్యక్రమం ఫొటోలు మీ అందరి వాట్సాప్‌లోకీ వచ్చే ఉంటాయి. ఉచిత వైద్య శిబిరం, కళ్ళజోళ్ళ పంపిణీ, సాయంత్రం పెద్దలకు సన్మానం. ఆ ఫొటోల్లో లేనిది ఒకటుంది. శాలువా కప్పించుకుని, జ్ఞాపికను రెండు చేతులా పట్టుకుని వేదిక దిగుతున్న ఒక పెద్దావిడ ఆఖరి మెట్టు దగ్గర తూలి పడిపోయారు. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆపుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు. తుంటి ఎముక విరిగింది. ఆ ఉదయమే మన శిబిరంలో ఆవిడకి బీపీ చూశారు, షుగరు చూశారు, కళ్ళు చూశారు. నడక మాత్రం ఎవరూ చూడలేదు.

"ఎనభై దాటాయి కదండీ, ఆ వయసులో పడటం మామూలే" అన్నారు కార్యవర్గంలో ఒకరు. "అంతమందిలో దిష్టి తగిలింది" అన్నారు ఇంకొకరు. ఆ రెండు మాటలూ నాకు గుచ్చుకున్నాయి.

మామూలే అన్న మాట లెక్కల్లో నిజమే. అమెరికాలో 65 దాటినవాళ్ళు ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఏటా పడుతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందులో సగం మంది కూడా ఆ సంగతి డాక్టరుకి చెప్పరు. ప్రపంచం మొత్తం మీద పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కానీ తరచూ జరుగుతోంది కాబట్టి చేయగలిగిందేమీ లేదని ఎలా అనుకుంటాం? ఎవరు పడే ప్రమాదంలో ఉన్నారో ముందే పసిగట్టడానికి ఒక కుర్చీ, ఒక గడియారం ఉంటే చాలావరకు సరిపోతుంది. టైమ్డ్ అప్ అండ్ గో అనే ఆ పరీక్షని పోడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లోనే ప్రచురించారు.

మొన్న పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మకి చేసి చూశాను. చేతులున్న కుర్చీ వసారాలో వేసి, టేపుతో పదడుగులు, అంటే మూడు మీటర్లు, కొలిచి, అక్కడ ముగ్గుపిండితో గీత గీశాను. కుర్చీలోంచి లేచి, రోజూ నడిచే నడకతోనే గీత దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులతోనే. కర్ర వాడేవాళ్ళయితే కర్రతోనే. తూలితే పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉండి తీరాలి.

"రోజూ పుంతమ్మట గుడికెళ్ళొచ్చే మనిషిని, నన్ను నడిపించి చూడటమేంటే?" అంది అమ్మ.

చేతులు కుర్చీకి ఆన్చి, ఒకసారి ముందుకి ఊగి, అప్పుడు లేచింది. అడుగులు చిన్నవి, అరికాలు నేలని సరిగ్గా వదలడం లేదు. గీత దగ్గర తిరగడానికి ఐదారు చిన్న చిన్న అడుగులు పట్టాయి. తిరిగేటప్పుడు చెయ్యి గోడ కోసం వెతుక్కుంది. వెనక్కి వస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. అది తెలియకుండానే వచ్చి కూర్చుంది. ఫోన్‌లో 17 సెకన్లు. 12 సెకన్లు, ఆపైన పడితే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

ఆ అంకె కంటే ఊడిన చెప్పే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అమ్మకి షుగరు ఇప్పటిది కాదు. దానివల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకి కింద నేల ఎలా ఉందో కాలు చెప్పదు. పగలు ఆ లోటుని కళ్ళు పూడుస్తాయి, రాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు పూడ్చలేవు. ఇంకోటి కూడా చూశాను. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూస్తే పైఅంకె 148. లేచి నిలబడిన నిమిషానికి 122. పైఅంకె 20 పడిపోయినా, కిందిది 10 పడిపోయినా డాక్టరుకి చెప్పాల్సిందే. తెల్లవారుజామున లేవగానే కళ్ళు తిరగడాన్ని అమ్మ ఇన్నాళ్ళూ పైత్యం అని సరిపెట్టుకుంది. భీమవరంలో డాక్టరు గారు చూసి మాత్ర మోతాదు, వేళ మార్చారు. ఫిజియోథెరపిస్టు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, గట్టు పట్టుకుని మడమల మీద, మునివేళ్ళ మీద నిలబడటం నేర్పారు.

మన ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. పీట మీద కూర్చుని తినడం, నేల మీంచి లేవడం, బియ్యం ఏరుతూ బాసింపట్టు వేసుకోవడం: ఇవే మన అమ్మమ్మల తొడల్లో బలం నిలిపాయని నా నమ్మకం. మోకాళ్ళు సహకరించినంత కాలం వాటిని మాన్పించకూడదు. అదే ఇంట్లో ఎత్తు గడపలు, నాచు పట్టిన నూతి చప్టా, పెరట్లో మినుకుమినుకుమనే బల్బు, ఎప్పుడూ తడిగా ఉండే స్నానాల గది. ఇక మనం డాలర్లు పంపి చేయించింది నున్నటి టైల్స్, అద్దంలా మెరిసే గ్రానైట్ మెట్లు. ప్రేమతోనే చేయించాం. కానీ ఆ డబ్బులో వందో వంతు పెడితే స్నానాల గదిలో రెండు స్టీలు కమ్మీలు, గరుకు నేల, మంచం దగ్గర నుంచి దొడ్డి దాకా రాత్రంతా వెలిగే దీపాలు వస్తాయి. ఒకసారి పడ్డవాళ్ళకి మనం ఫోన్‌లో చెప్పే మాట మరీ చేటు: "అమ్మా, ఎక్కడికీ కదలకు, కూర్చో." కూర్చుంటే కాళ్ళ బలం తగ్గుతుంది, బలం తగ్గితే భయం పెరుగుతుంది, భయంతో ఇంకా కూర్చుంటారు. పడకుండా కాపాడే మందు ఏదన్నా ఉంటే అది నిలకడని, కాళ్ళ బలాన్ని పెంచే వ్యాయామమే.

శిబిరంలో వందల మంది వస్తారు, ఇదెక్కడ కుదురుతుందని వైద్య విభాగం వాళ్ళు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క సెకన్ల లెక్కతో ఎవరు పడతారో తేల్చేయలేమన్నదీ నిజమే. అందుకే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఈ ఏడాదిలో పడ్డారా, నిలబడ్డప్పుడు నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉంటోందా, పడతానేమోనని భయముందా. ఒక్కదానికి అవునన్నా కుర్చీ దగ్గరికి పంపాలి. మనిషికి నిమిషం పట్టదు. కాలేజీ పిల్లలకి ఒక పూటలో నేర్పవచ్చు. అక్కడ తేడా కనిపించినవాళ్ళని డాక్టరు చూస్తారు.

కార్యవర్గానికి నా మనవి ఇదీ. వచ్చే డిసెంబరు శిబిరాల ఖర్చు జాబితాలో రెండు గట్టి కుర్చీలు, ఒక ఫిజియోథెరపిస్టు పేరు చేర్చండి. వేదిక మెట్లకి రెండు వైపులా కమ్మీలు లేకపోతే సన్మానం కిందే చేయండి, పెద్దల దగ్గరికి మనమే వెళ్ళి శాలువా కప్పుదాం. 2027లో గోదావరి పుష్కరాలకి పెద్దలని బస్సుల్లో తీసుకెళ్ళాలని ఇప్పటినుంచే మాట్లాడుకుంటున్నాం. రేవు మెట్లు తడిగా ఉంటాయి, జనం ఒత్తిడి ఉంటుంది. బస్సుల జాబితా రాసేముందు ప్రతి ఊళ్ళో ఈ పదడుగుల నడక చూడండి. మెట్లు దిగలేనివాళ్ళకి ఒడ్డునే కూర్చోబెట్టి చెంబులతో స్నానం చేయించే మనుషులని ఇప్పుడే కుదర్చండి. ఆ ఖర్చులో నా వంతు నేను ఇస్తాను, కుర్చీ పక్కన నిలబడటానికి కూడా వస్తాను.