హద్దురాళ్ల వలస: ఒక శాస్త్రీయ పరిశీలన

రాయి కదలదని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. అదెంత తప్పో, ఖాళీ స్థలం కొని నాలుగేళ్లు అటు వైపు తొంగిచూడని వాళ్లెవరినైనా అడగండి. కొన్నరోజున నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్లు కళ్లారా చూసి, వాటి పక్కన నిలబడి ఫొటో కూడా దిగి ఉంటారు. ఇల్లు మొదలుపెడదామని వెళ్లేసరికి రెండే ఉంటాయి. ఆ రెండింటిలో ఒకటి మీది కాదు.

ఈ విషయం మీద నేను కొంతకాలంగా పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే ప్రతి ఆదివారం గునపం పట్టుకుని నా స్థలంలో గడ్డి పీకడం. తేలిందేమిటంటే, హద్దురాయి ప్రాణమున్న జీవి. రాత్రిపూట సంచరిస్తుంది. గుంపుగా పోదు, ఒంటరిగానే కదులుతుంది. కదిలితే జానెడో మూరెడో, అంతకు మించదు. ఆత్రం దాని స్వభావంలోనే లేదు. అన్నిటికన్నా విచిత్రం దాని దిశాజ్ఞానం. పక్షులు వెచ్చదనం ఉన్న చోటికి వలస పోతాయి. హద్దురాయి మాత్రం ఓనరు ఊళ్లో లేని స్థలంలోకి వలస పోతుంది. రోజూ వచ్చి చూసుకునేవాడి వైపు రాయి జరిగిన దాఖలా నాకింతవరకు ఒక్కటీ దొరకలేదు.

పూర్వులకి ఈ జీవి సంగతి బాగా తెలుసు. రోమన్లు దీనికి టెర్మినస్ అని పేరు పెట్టి ఏకంగా దేవుణ్ణే చేశారు. ఏటా ఫిబ్రవరి 23న గట్టుకి అటువాడూ ఇటువాడూ వచ్చి, ఒకే రాయికి చెరోవైపు నుంచి దండ వేసేవాళ్లు. భక్తి అనుకునేరు. రాయి నిరుడున్న చోటే ఉందో లేదో ఇద్దరూ కలిసి చూసుకోవడానికి అంతకన్నా మర్యాదైన పద్ధతి ఏముంది? రాయిని నాగలితో పెకలించినవాడు శాపగ్రస్తుడని, వాడితో పాటు వాడి ఎద్దులు కూడా శాపగ్రస్తులేనని నూమా అనే పాత రోమన్ రాజు శాసనం చేశాడంటారు. పాపం ఎద్దులేం చేశాయో తెలీదు. ముందు నడిచినవాటికి శిక్ష, వెనక తోలినవాడికి శిక్ష, రెండూ వేసిన చట్టం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఇంకాస్త ముందుచూపు చూపించింది. పైకి కనపడే గుర్తుల్ని జనం బతకనివ్వరని గ్రహించి, భూమిలో రహస్యంగా కూడా పాతమంది. రాళ్లు, ఎముకలు, ఆవు వెంట్రుకలు, ఊక, బూడిద, కుండపెంకులు, ఎండిన పేడ, ఇటుకలు, బొగ్గులు, గులకరాళ్లు, ఇసుక. నా స్థలంలో ఎడమ మూల తవ్వితే వీటిలో సగానికి పైగా వరసగా బయటపడ్డాయి. ఒళ్లు పులకరించింది. ఆ పులకరింత అరగంట సేపు ఉంది. పక్కాయన ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్త పోసిన చోటు అదేనని తర్వాత తెలిసింది.

హద్దు తగాదాలో సాక్షి నెత్తిన మట్టి పెట్టుకుని, ఎర్ర బట్టలు కట్టి, ఎర్ర పూలదండ వేసుకుని ప్రమాణం చెయ్యాలని కూడా అందులోనే ఉంది. ఇప్పటి సాక్షికి అంత శ్రమ లేదు. కాలి చెప్పుతో చూపిస్తాడు.

"ఇదిగో బాబూ, ఇక్కడే ఉండేది రాయి. చెట్టుకి రెండడుగులు ఇవతల."

"చెట్టేది బాబాయ్?"

"కొట్టేశాంగా."

పోనీ సైన్సుని నమ్ముదామని ఫోన్ తీశాను. మ్యాప్‌లో నీలం చుక్క వెలిగింది. నడిరోడ్డు మీద నిలబడ్డ నన్ను అది పక్కాయన వంటింట్లో చూపించింది. ఆకాశం తేటగా ఉన్నా ఫోన్ జీపీఎస్‌కి 5 మీటర్ల తేడా మామూలేనట. నేను కట్టబోయే హాలు వెడల్పే అంత లేదు. టేపు పట్టుకుంటే నేల ఏటవాలు. ప్లానులో రాసే కొలతలన్నీ సమతలం లెక్కలో ఉంటాయి. 10 డిగ్రీల వాలు మీద 30 మీటర్లు కొలిస్తే అసలు దూరం అందులో 46 సెంటీమీటర్లు తక్కువే. గోడ పేరుతో గొడవ పెట్టుకోవడానికి ఆ 46 ధారాళంగా సరిపోతాయి.

"ఇంత తంటా ఎందుకు? గోడ ఉంది కదా, అదే హద్దు" అన్నాడు మేస్త్రీ. గోడ రుజువు చేసేది ఒక్కటే, ఒకానొక రోజున ఎవరి దగ్గరో ఇటుకలున్నాయని. పక్కాయన తన గోడని తన పక్కవాడి గోడ నుంచి కొలుచుకున్నాడు. ఆ పక్కవాడు ఇంకో పక్కవాడి గోడ నుంచి. అలా వీధి మొదట్లో ఎవరో చేసిన పొరపాటు ఇంటింటికీ కాస్త కాస్త పెరుగుతూ వచ్చి చివర ఉన్న నా దగ్గర చెయ్యి చాపింది. నా తర్వాత ఖాళీ ప్లాటు. దాని ఓనరు ఎక్కడో దూరాన ఉంటాడు.

చివరికి సర్వేయర్‌ని పిలిచాను. ఆయన వచ్చీ రాగానే నా స్థలం వైపు కన్నెత్తైనా చూడకుండా మూడు వీధుల అవతలికి వెళ్లిపోయాడు. డబ్బులిచ్చేది నేను, చూసేది ఊరినా అని మండిపోయింది. ఎవరూ కదపని పాత గుర్తు ఒకటి పట్టుకుని అక్కణ్ణుంచి కొలుచుకుంటూ రావాలట. నా రాళ్లని నమ్మడట. ఆ మాట నా ముఖం మీదే అన్నాడు.

కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ అనే పరికరం చూపించిన చోట పారతో పొర పొరగా మట్టి తీయించాడు. జానెడు లోతులో ఎర్రమట్టి మధ్య గుండ్రంగా నల్లటి మరక కనపడింది. బొటనవేలితో నలిపితే మెత్తగా పొడి అయింది. అక్కడ పాతిన చెక్క మేకు చివికి మట్టిలో కలిసి, తన నీడని మాత్రం వదిలిపోయింది. పక్కాయన గోడకి అవతల ఉంది, తొమ్మిది అంగుళాలు. ఆయన పూలకుండీ కింద. నేను రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వీధంతా వినపడేలా న్యాయం గురించి కాసేపు మాట్లాడాను.

అప్పుడు సర్వేయర్ కుడివైపు కొలిచాడు. అటు రాయి ఉండాల్సిన చోటు కన్నా అడుగు దూరం ఖాళీ ప్లాటులోకి జరిగి ఉంది. నా సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకదు. ఎందుకో దీన్ని వ్యాసంలో పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆదివారాలు గడ్డి పీకుతున్నప్పుడు గునపం తగిలి ఉండొచ్చు. రాయి విషయంలో నేనెప్పుడూ జోక్యం చేసుకోలేదు.

మొత్తానికి నాలుగు మూలలా కొత్త మేకులు దిగాయి. పునాది తవ్వేటప్పుడు మొదట పోయేవి మూల మేకులే కాబట్టి, కాస్త ఎడంగా గుర్తు మేకులు కూడా కొట్టించుకోమని సర్వేయర్ చెప్పాడు. అదనపు ఖర్చు అనిపించి వద్దన్నాను. మర్నాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. నేను టీ తాగి వచ్చేసరికి డ్రైవరు దిగి, ఎర్ర రంగు పూసిన మేకు ఒకటి చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు.

"సార్, ఇది అడ్డంగా ఉంటే తీసేశాను. మీకేమైనా పనికొస్తుందా?"